ఎత్తు దూకడంలో కిటుకేమిటి?

మీ బడిలో ఆటల పోటీలు జరిగేటప్పుడు హైజంప్ చూసే ఉంటారు. రెండు గుంజలు, వాటి మధ్య ఒక సన్నని అడ్డకర్ర, అవతల ఇసుక గుంట. పిల్లలు ఒక్కొక్కరే పరుగెత్తుకుంటూ వచ్చి కర్ర మీదుగా దూకుతారు. అందరి వంతూ అయ్యాక డ్రిల్లు మాస్టారు కర్రను రెండంగుళాలు పైకి జరుపుతారు. మళ్ళీ మొదలు.

ఈసారి చూసేటప్పుడు ఒక సంగతి గమనించండి. ఒక కుర్రవాడు చాలా ఎత్తుకు లేస్తాడు. అతని తల, భుజాలు కర్రకు ఎంతో పైన ఉంటాయి. చూసేవాళ్ళు "అబ్బ!" అంటారు. అంతలోనే పిరుదులు తగిలి కర్ర కింద పడుతుంది. అతని తరవాత వచ్చినవాడు అంత ఎత్తు లేచినట్టే కనిపించడు. కాని ఒళ్ళు ముడుచుకొని, ఒక పక్కకు వాలిపోయి, ఎలాగో కర్రను దాటేస్తాడు. కర్ర కదలనే కదలదు. ఎక్కువ ఎత్తు లేచినవాడు ఓడిపోయాడు, తక్కువ లేచినవాడు గెలిచాడు. ఇదెక్కడి న్యాయం?

న్యాయమే. దీని వెనక ఒక లెక్క ఉంది. మనిషి నడిచినా, పరుగెత్తినా, దూకినా, బరువెత్తినా ఆ కదలికల వెనక ఉండే ఇలాంటి లెక్కలు చూసే శాస్త్రాన్ని జీవయాంత్రిక శాస్త్రం అంటారు. ఇంగ్లీషు పేరు బయోమెకానిక్స్. పేరు చూసి బెదిరిపోనక్కరలేదు. గిలకలకూ, తరాజులకూ, మేడ మీంచి పడే రాళ్ళకూ వర్తించే సూత్రాలనే మన ఎముకలకూ కండరాలకూ వర్తింపజేస్తారు, అంతే. న్యూటన్ సూత్రాలు మీ సైన్సు పుస్తకంలో ఉన్నాయి. ఆటగాడు వాటిని చదివి ఉండకపోవచ్చు. అతని కాలు మాత్రం వాటికి లోబడే పనిచేస్తుంది.

ముందుగా గరిమనాభి అంటే ఏమిటో తెలుసుకుందాం. ఒక స్కేలును వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ఎక్కడో ఒక చోట అది అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుంది. స్కేలు బరువంతా ఆ ఒక్క చోటే ఉన్నదా అన్నట్టు ప్రవర్తిస్తుంది. అదే దాని గరిమనాభి. మనిషికీ ఒక గరిమనాభి ఉంటుంది. నిటారుగా, చేతులు కిందికి వేలాడేసి నిలబడితే అది సుమారుగా బొడ్డు దగ్గర, శరీరం లోపల ఉంటుంది. 170 సెంటీమీటర్ల మనిషికి నేల నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుందనుకోండి.

అయితే మనిషి స్కేలు కాదు. చేతులెత్తుతాడు, వంగుతాడు, కూర్చుంటాడు. ఆయా భంగిమలను బట్టి గరిమనాభి కూడా చోటు మారుస్తుంది. రెండు చేతులూ పైకెత్తితే అది ఐదారు సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ముందుకు బాగా వంగితే పొట్ట ముందుకు వచ్చేస్తుంది, ఒక్కొక్కప్పుడు పూర్తిగా శరీరం బయటికే పోతుంది!

శరీరం బయట గరిమనాభి ఉండడమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. పండగనాడు అమ్మ వండే గారెను తలుచుకోండి. గారె అన్ని వైపులా ఒకే మందంగా ఉంటే దాని గరిమనాభి ఎక్కడుంటుంది? సరిగ్గా మధ్యన, అంటే చిల్లులో. అక్కడ పిండి లేదు, నూనె లేదు, ఉన్నదల్లా ఖాళీ. అయినా గరిమనాభి అక్కడే. గాజుకైనా అంతే. ఈ గారె చిల్లును కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ఒక కర్ర తీసుకొని, అది వేలి మీద సమంగా నిలిచే చోట ఎర్ర దారం చుట్టండి. పొలంలోనో మైదానంలోనో, దగ్గర ఎవరూ లేనప్పుడు, దాన్ని గిరగిరా తిరిగేలా పైకి విసరండి. కర్ర కొసలు పిచ్చిపిచ్చిగా తిరుగుతాయి. ఎర్ర దారం మాత్రం అలా కాదు. విసిరిన రాయి ఎలా పోతుందో అలాగే నున్నటి వంపు గీత మీద పైకి పోయి కిందికి దిగుతుంది. ఆ గీతను పరావలయం అంటారు.

దూకే మనిషి కూడా అంతే. కాలు నేలను వదిలిన క్షణాన అతని గరిమనాభికి ఎంత వేగం ఉంది, ఏ దిక్కుకు ఉంది, నేల నుంచి ఎంత ఎత్తున ఉంది అనే మూడు విషయాలతో దాని దారి నిర్ణయమైపోతుంది. ఆ తరవాత గాలిలో అతను ఏం చేసినా ఆ దారి మారదు. చేతులు ఆడించినా, కాళ్ళు కొట్టుకున్నా, పళ్ళు బిగబట్టినా అది ఒక్క మిల్లీమీటరు కూడా పైకి జరగదు. ఎందుకంటే ఎవరైనా పైకి పోవాలంటే దేన్నో కిందికి తన్నాలి. నేల మీద ఉన్నప్పుడు నేలను తన్నుతాం, నేల మనల్ని పైకి నెడుతుంది. గాలిలో తన్నడానికి ఏముంది? ఉన్న కొద్దిపాటి గాలి మనల్ని మోయలేదు.

అంటే హైజంప్‌లో రెండు పనులున్నాయి. ఒకటి, గరిమనాభిని వీలైనంత ఎత్తుకు పంపించడం. ఇది నేల మీదే అయిపోవాలి. రెండోది, ఆ గరిమనాభి చుట్టూ ఒంటిని ఎలా అమర్చుకుంటే కర్ర తగలదో చూసుకోవడం. ఇది గాలిలో జరిగే పని. మొదట చెప్పుకున్న కుర్రవాడు మొదటి పని బాగా చేసి రెండోది పాడుచేసుకున్నాడు.

రెండో పని సంగతి ముందు చూద్దాం. దాని చరిత్ర సరదాగా ఉంటుంది.

మన బళ్ళలో పిల్లలు సహజంగా దూకేది కత్తెర పద్ధతిలో. ఒక కాలు ముందు దాటించి, తరవాత రెండోది దాటిస్తారు. కాళ్ళు కత్తెరలా ఆడతాయి, ఒళ్ళు దాదాపు నిటారుగా ఉంటుంది. కర్ర మీద కూర్చున్నట్టుగా దాటుతారు. ఇందులో చిక్కేమిటంటే పిరుదులు కర్రకు తగలకుండా పోవాలంటే గరిమనాభి కర్రకు పాతిక ముప్ఫై సెంటీమీటర్లు పైనుంచి పోవాలి. మీరు గరిమనాభిని 180 సెంటీమీటర్ల ఎత్తుకు పంపగలరనుకోండి. దాటగలిగేది 150 లేక 155. మిగతాది వృథా.

ఈ వృథాను తగ్గించడానికే ఇరవయ్యో శతాబ్దంలో రకరకాల పద్ధతులు పుట్టాయి. కర్ర మీద పక్కకు ఒరిగి పడుకున్నట్టు దాటేది ఒకటి. బోర్లా, కర్రను కావలించుకున్నట్టు దొర్లుతూ దాటేది మరొకటి, దాన్ని స్ట్రాడిల్ అనేవారు. ఎలా దాటాలన్న దాని మీద ఒకప్పుడు గొడవలు కూడా జరిగాయి. 1932లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జీన్ షైలీ, బేబ్ డిడ్రిక్సన్ అనే ఇద్దరు అమెరికన్ అమ్మాయిలు సమానమైన ఎత్తు దూకారు. డిడ్రిక్సన్ తలను ముందు పెట్టి దూకిందని న్యాయనిర్ణేతలు తప్పుపట్టి ఆమెకు రెండో స్థానం ఇచ్చారు. తరవాత ఆ నియమం పోయింది. ఒంటికాలి మీద ఎగరాలన్న నియమం మాత్రం ఉంది. గాలిలో ఎలా దాటినా అడిగేవారు లేరు.

అలా దాటవచ్చని తెలిసినా, కర్రకు వీపు పెట్టి దూకుదామని చాలాకాలం పెద్దగా ఎవరికీ తోచలేదు. ఆ సంగతి ప్రపంచానికి చూపించినవాడు ఒక బడి పిల్లవాడు.

అతని పేరు డిక్ ఫాస్‌బరీ. 1947లో పుట్టాడు. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్ ఊళ్ళో చదువుకున్నాడు. మనిషి పొడుగరి. కాని అందరూ నేర్పే బోర్లా పద్ధతి అతనికి అబ్బలేదు. ఎంత అభ్యాసం చేసినా మిగతావాళ్ళకంటే వెనకబడేవాడు. విసుగెత్తి, పాతబడిపోయిన కత్తెర పద్ధతికే మళ్ళాడు. 1963లో, అతనికి పదహారేళ్ళప్పుడు, పక్క ఊళ్ళో జరిగిన ఒక పోటీలో కత్తెర పద్ధతిలో దూకుతూ, పిరుదులు తగలకుండా వాటిని పైకెత్తడం మొదలుపెట్టాడు. పిరుదులు పైకెత్తితే భుజాలు వెనక్కి వాలాయి. కర్ర పెరిగినకొద్దీ ఇంకాస్త వాలాడు. ఇంకాస్త పెరిగితే ఇంకాస్త. ఆ పోటీ ముగిసేసరికి 5 అడుగుల 4 అంగుళాల దగ్గర ఆగిపోయే కుర్రవాడు 5 అడుగుల 10 అంగుళాలు దూకాడు. ఒక్క పూటలో ఆరంగుళాలు! పూర్తిగా వెల్లకిలా, తల ముందు, కాళ్ళు చివర దాటే పద్ధతి అతనికి కుదరడానికి ఆపైన మరికొంత కాలం పట్టింది.

చూసినవాళ్ళు నవ్వారు. పడవలో పడ్డ చేప కొట్టుకుంటున్నట్టుందని ఒక పత్రిక వెక్కిరించింది. ఫాస్‌బరీ ఆ వెక్కిరింపు మాటనే తీసుకుని తన పద్ధతికి 'ఫ్లాప్' అని పేరు పెట్టుకున్నాడు. తరవాత ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదువుతూ, 1968లో మెక్సికో నగరంలో జరిగిన ఒలింపిక్స్‌కు ఎంపికయ్యాడు. అక్కడ 2.22 మీటర్ల వరకు ప్రతి ఎత్తునూ మొదటి ప్రయత్నంలోనే దాటాడు. చివరికి మూడో ప్రయత్నంలో 2.24 మీటర్లు దాటి ఒలింపిక్ రికార్డుతో బంగారు పతకం తీసుకున్నాడు. కెనడాలో డెబీ బ్రిల్ అనే చిన్నపిల్ల కూడా దాదాపు అదే కాలంలో, ఎవరినీ చూడకుండానే, ఇదే పద్ధతిని సొంతంగా కనిపెట్టుకుంది. ఇద్దరూ కాగితం మీద లెక్క వేసి కనిపెట్టలేదు. ఒళ్ళు చెప్పినట్టు విన్నారు. లెక్కలు శాస్త్రజ్ఞులు తరవాత వేశారు.

సరే, ఆ లెక్క ఏమిటి? ఇప్పుడు గారె చిల్లు దగ్గరికి వద్దాం. వెల్లకిలా కర్ర మీద ఉన్న ఆటగాడి ఒళ్ళు విల్లులా వంగి ఉంటుంది. నడుము పైన, తల ఒక వైపు కిందికి, కాళ్ళు రెండో వైపు కిందికి. విల్లుకు గరిమనాభి ఎక్కడ ఉంటుంది? కర్రలో కాదు, వంపు లోపలి వైపున ఖాళీలో. అలాగే ఈ ఆటగాడి గరిమనాభి కూడా వీపు కిందికి, ఒంటి అంచుకు, బాగా వంగగలిగితే ఒంటి బయటికే జారుతుంది. పైగా ఒళ్ళంతా ఒకేసారి కర్రకు పైన ఉండదు. తల దాటేటప్పటికి నడుము ఇంకా ఇవతలే ఉంటుంది. నడుము దాటేటప్పటికి తల అప్పుడే అవతల కిందికి దిగుతూ ఉంటుంది. కాళ్ళు దాటేటప్పుడు మిగతా ఒళ్ళంతా దిగిపోయింది. గోడ మీదుగా పాము పాకి దిగడం చూశారా? ఏ క్షణాన చూసినా గోడ మీద ఉండేది దాని ఒంటిలో కొద్ది భాగమే.

ఇందులో చర్య, ప్రతిచర్య కూడా ఉన్నాయి. గాలిలో ఉన్నవాడు తలను, భుజాలను కిందికి వంచితే ప్రతిచర్యగా నడుము పైకి లేస్తుంది. గరిమనాభి మాత్రం తన దారిన తాను పోతూనే ఉంటుంది. నడుము దాటగానే ఆటగాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి నడుము దగ్గర ముడుచుకుంటాడు. ఈసారి నడుము కిందికి దిగి కాళ్ళు పైకి లేస్తాయి, మడమలు కర్రకు తగలకుండా తప్పించుకుంటాయి. ఈ రెండు పనుల మధ్య వ్యవధి అరసెకను కూడా ఉండదు. ముందే ముడుచుకుంటే నడుము తగులుతుంది, ఆలస్యమైతే మడమ తగులుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫ్లాప్ గురించి రాసేటప్పుడు చాలామంది "మనిషి కర్ర పైనుంచి పోతాడు, గరిమనాభి కర్ర కిందనుంచి పోతుంది" అని ఘనంగా రాస్తారు. అది సాధ్యమే, అబద్ధం కాదు. కాని మామూలుగా మంచి ఆటగాళ్ళ గరిమనాభి కూడా కర్ర ఎత్తుకు అటూ ఇటూగానే పోతుంది. తేడా కొద్ది సెంటీమీటర్లే. అంతేకాదు, బోర్లా పద్ధతిలో కూడా వంకరలు తిరిగి దాదాపు అంత లాభం పొందవచ్చు. 1977లో తూర్పు జర్మనీకి చెందిన రోజ్‌మేరీ ఆకర్‌మన్ రెండు మీటర్లు దాటిన మొదటి స్త్రీ అయింది. ఆమె దూకింది బోర్లా పద్ధతిలోనే. సోవియట్ కుర్రవాడు వ్లదీమిర్ యాష్చెంకో 1978లో అదే పద్ధతిలో 2.34 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు స్థాపించాడు. అప్పటికి ఫాస్‌బరీ గెలిచి పదేళ్ళయింది!

మరి బోర్లా పద్ధతి ఎందుకు మాయమైంది? జవాబు గాలిలో లేదు, నేల మీద ఉంది. అంటే మనం పక్కన పెట్టిన మొదటి పనిలో ఉందన్నమాట.

మంచి ఆటగాడు హైజంప్‌కు సెకనుకు ఏడు, ఎనిమిది మీటర్ల వేగంతో పరుగెత్తి వస్తాడు. ఈ వేగం అడ్డంగా ఉన్న వేగం. అతనికి కావలసింది నిలువు వేగం. దీన్ని దానిగా ఎలా మార్చాలి? చివరి అడుగును ఒంటికి బాగా ముందుగా, కాలు దాదాపు తిన్నగా ఉంచి, బలంగా నేల మీద ఆనిస్తాడు. పరుగెత్తేవాడి కాలికి రాయి తగిలితే ఒళ్ళు ఎలా ముందుకు తూలిపోతుందో మీకు తెలుసు. ఇక్కడా అలాంటిదే జరుగుతుంది, కాకపోతే కావాలని, అదుపులో జరుగుతుంది. ఆగిన కాలి మీదుగా ఒళ్ళు గడకర్రలా పైకి లేస్తుంది. ఆ తాకిడికి మోకాలు కొద్దిగా వంగుతుంది, తొడ ముందు కండరాలు, మడమ వెనక నరం బలంగా సాగుతాయి. సాగిన రబ్బరు ఎలా వెనక్కి లాగుతుందో, సాగిన కండరం కూడా మామూలుకంటే ఎక్కువ బలంతో ముడుచుకుంటుంది. అదే సమయంలో రెండు చేతులు, రెండో కాలి మోకాలు పైకి విసురుతాడు. దానివల్ల కాలు నేలను ఇంకా గట్టిగా తొక్కుతుంది, గరిమనాభి కూడా నేల వదలకముందే పైకి జరుగుతుంది.

ఇదంతా ఎంతసేపట్లో? సెకనులో సుమారు ఆరోవంతులో. మీరు కన్ను ఒకసారి మూసి తెరిచేలోగా అయిపోతుంది.

చిన్న లెక్క వేద్దాం. కాలు నేల వదిలేటప్పుడు నిలువు వేగం సెకనుకు 4.5 మీటర్లనుకోండి. పైకి లేచే ఎత్తు కావాలంటే వేగాన్ని వేగంతో గుణించి, గురుత్వ త్వరణానికి రెట్టింపు అయిన 19.6తో భాగించాలి. 4.5ను 4.5తో గుణిస్తే 20.25. దాన్ని 19.6తో భాగిస్తే 1.03. అంటే గరిమనాభి మీటరు పైన మరో మూడు సెంటీమీటర్లు లేస్తుంది. అంతేనా! అనిపిస్తుంది. రెండు మీటర్లపైన దూకేవాడు నిజంగా లేచేది మీటరేనా? అవును. మిగతాది అతని సొంత ఎత్తు. చేతులు, మోకాలు ఎత్తి, మునివేళ్ళ మీద నిలిచిన పొడుగరి గరిమనాభి నేల వదిలేసరికే 1.30 మీటర్ల దగ్గర ఉంటుంది. 1.30కి 1.03 కలిపితే 2.33. పొడుగువాళ్ళు ఈ ఆటలో ఎందుకు ఎక్కువగా కనిపిస్తారో తెలిసింది కదా. పొట్టివాళ్ళు దిగులుపడనక్కరలేదు. అమెరికాకు చెందిన ఫ్రాంక్లిన్ జేకబ్స్ ఎత్తు 1.73 మీటర్లు. 1978లో అతను దూకింది 2.32 మీటర్లు, తన తలకంటే 59 సెంటీమీటర్లు పైన!

ఇంకో లెక్క. సెకనులో ఆరోవంతులో 4.5 మీటర్ల వేగం పుట్టాలంటే త్వరణం 27 రావాలి. దానికి తోడు బరువును మోయడానికి 9.8. కలిపితే సుమారు 37. అంటే ఒంటి బరువుకు మూడున్నర రెట్ల పైన బలం. మనిషి 60 కిలోలుంటే 200 కిలోల పైచిలుకు. యాభై కిలోల బియ్యం బస్తాలు నాలుగు నెత్తిన పెట్టుకొని ఒంటికాలి మీద నిలబడ్డట్టు! ఇది సగటు మాత్రమే, మధ్యలో ఒక్క క్షణం ఇంకా ఎక్కువే ఉంటుంది. అందుకే పరుగు వేగం పెంచినకొద్దీ ఎత్తు పెరుగుతూ పోదు. ఎవరి కాలు ఎంత తాకిడిని తట్టుకుంటుందో అంతవరకే వేగం పనికొస్తుంది. అది దాటితే మోకాలు కుంగిపోతుంది, వేగమంతా నేలపాలు.

ఫ్లాప్ లాభం ఇక్కడే ఉంది. అందులో చివరి కొన్ని అడుగులు తిన్నగా కాక వంపు దారిలో వేస్తారు. సైకిలు మీద మలుపు తిరిగేటప్పుడు లోపలికి వాలుతాం కదా, అలాగే ఆటగాడు కూడా వాలుతాడు. పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో సెకనుకు ఏడు మీటర్ల వేగంతో పోతే దాదాపు పాతిక డిగ్రీలు వాలాలి. ఆ వాలు కర్రకు వ్యతిరేక దిక్కుగా ఉంటుంది. దీనివల్ల రెండు లాభాలు. ఒళ్ళు వాలినందువల్ల మోకాళ్ళు ఎక్కువగా వంచకుండానే, వేగం చెడకుండానే గరిమనాభి కాస్త కిందికి దిగుతుంది. అప్పుడు దాన్ని పైకి నెట్టడానికి ఎక్కువ దూరం దొరుకుతుంది. రెండోది, చివరి అడుగు ఆనించగానే వాలిన ఒళ్ళు లేచి నిటారవుతూ కర్ర వైపు తిరుగుతుంది. ఆ తిరుగుడే గాలిలో కూడా కొనసాగి అతన్ని వెల్లకిలా పడుకోబెడుతుంది. కొత్తగా దొర్లే పని పెట్టుకోనక్కరలేదు. బోర్లా పద్ధతిలో తిన్నటి కాలును ఎత్తుగా విసిరి, ఒంటిని దొర్లించి, వెనక కాలును విడిగా దాటించడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఫ్లాప్ తొందరగా వస్తుంది, వేగంగా పరుగెత్తేవాళ్ళకు కలిసొస్తుంది. అందుకే గెలిచింది. 1993లో స్పెయిన్‌లోని సాలమాంకాలో క్యూబా దేశపు హవియర్ సోటోమయోర్ ఈ పద్ధతిలో దూకిన 2.45 మీటర్లను ముప్ఫై ఏళ్ళు గడిచినా ఎవరూ దాటలేకపోయారు. స్త్రీలలో యుక్రెయిన్‌కు చెందిన యారొస్లావా మహూచిఖ్ 2024లో పారిస్‌లో 2.10 మీటర్లు దూకింది.

లేవడం గురించి ఇంత చెప్పాను. పడడం గురించి చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. ఎందుకంటే ఇది చదివి రేపు పొద్దున్నే మీరు ఇసుక గుంట దగ్గరికి పరుగెత్తే ప్రమాదముంది.

కత్తెర పద్ధతిలో కాళ్ళ మీద దిగుతాం. మోకాళ్ళు వంగి తాకిడిని మింగేస్తాయి. ఫ్లాప్‌లో దిగేది భుజాల మీద, మెడకు దగ్గరగా. 1.80 మీటర్లు కిందికి పడిన ఒళ్ళు మెత్తటి ఫోం పరుపులోకి 45 సెంటీమీటర్లు దిగి ఆగితే, ఆపే బలం సగటున ఒంటి బరువుకు ఐదు రెట్లు. అదే గట్టిపడ్డ ఇసుకలో 10 సెంటీమీటర్లలో ఆగాల్సివస్తే పంతొమ్మిది రెట్లు! అది మెడ మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అసలు ఇసుక, రంపపుపొట్టు గుంటల స్థానంలో ఎత్తయిన మెత్తటి పరుపులు వచ్చాకే ఈ పద్ధతి వ్యాపించింది. ఫాస్‌బరీ యాభై ఏళ్ళ ముందు పుట్టి ఉంటే ఈ పద్ధతి మనకు దక్కేది కాదేమో, అతని మెడ అతనికి దక్కేది కాదేమో! కాబట్టి మీ బడిలో సరైన పరుపు, పక్కన నేర్పే మాస్టారు లేకపోతే కత్తెర పద్ధతిలోనే దూకండి. ఇసుకలో వెల్లకిలా దూకమని స్నేహితులు ఎంత రెచ్చగొట్టినా దూకవద్దు.

గరిమనాభిని అవసరానికి మించి ఎత్తకూడదన్న ఈ పొదుపు ఇతర ఆటల్లోనూ కనిపిస్తుంది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్ గెలిచింది. ఆ పరుగులో అడ్డుచట్రాలు 84 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. హర్డిల్స్ పరుగెత్తేవాళ్ళు వాటి మీదుగా ఎగరరు, వాటి మీదుగా అడుగు వేస్తారు. ఛాతీని ముందుకు వంచి, ముందుకాలు చాచి, గరిమనాభిని వీలైనంత తక్కువ పైకి పోనిస్తారు. గాలిలో ఎక్కువసేపు ఉంటే పరుగు ఆగినట్టే కదా.

బరువులెత్తడంలోనైతే లెక్క తిరగబడుతుంది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచినప్పుడు స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తింది. నేల మీది బరువును ఒక్క ఊపులో తల పైకి తేవడమే స్నాచ్. అంత బరువును ఎవరూ తల పైదాకా లాగలేరు. ఛాతీ వరకు లాగి, అది కిందికి పడడం మొదలుపెట్టేలోగా తామే దాని కిందికి చటుక్కున కూర్చుంటారు. చేతులు అప్పటికి తిన్నగా అయిపోతాయి. ఆ తరవాత లేచి నిలబడతారు. బరువును పైకి తెచ్చే బదులు మనిషి కిందికి పోతాడన్నమాట.

చివరిగా, ఇంట్లో కూర్చుని చేసే రెండు పరీక్షలు చెబుతాను.

మొదటిది గోడ దగ్గర. వేలికి సుద్దపొడి రాసుకుని గోడ పక్కన నిలబడి, చెయ్యి చాచి అందినంత ఎత్తున ఒక గుర్తు పెట్టండి. తరవాత రెండో చెయ్యి నడుము మీద ఉంచి, ఉన్నచోటే ఎగిరి పైన ఇంకో గుర్తు పెట్టండి. మూడోసారి రెండు చేతులూ బాగా విసిరి ఎగరండి. ఏది ఎత్తు? రెండు గుర్తుల మధ్య దూరాన్ని మీటర్లలో కొలిచి, 19.6తో గుణించి, వర్గమూలం తీయండి. మీరు నేల వదిలినప్పటి వేగం వస్తుంది. 30 సెంటీమీటర్లు లేచినవాడి వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లు.

రెండోదానికి అట్ట, గుండుసూది, దారం, చిన్న రాయి కావాలి. అట్ట మీద ఒకే మందంగా ఉండేలా రెండు బొమ్మలు కత్తిరించండి. ఒకటి తిన్నగా నిలబడ్డ మనిషి, రెండోది విల్లులా బాగా వెనక్కి వంగిన మనిషి. బొమ్మకు ఒక అంచున సూది గుచ్చి గోడకు వేలాడదీయండి. అదే సూదికి రాయి కట్టిన దారం వేలాడదీసి, దారం పోయే దారిన పెన్సిలుతో గీత గీయండి. సూదిని మరో అంచుకు మార్చి మళ్ళీ గీయండి. రెండు గీతలు కలిసే చోటే గరిమనాభి. నిలబడ్డ మనిషికి అది పొట్ట దగ్గర వస్తుంది. వంగిన మనిషికి మాత్రం రెండు గీతలు అట్ట మీద కలవవు. బొమ్మ వెనక తెల్లకాగితం అతికించి, గీతలను దాని మీదికి పొడిగించి చూడండి. చుక్క వీపు వెనక, ఖాళీలో పడుతుంది.